కోటు పోతే అంత ఏడవాలా?

ప్రశ్న: మేము కొంతమంది స్నేహితులం నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని పాత ప్రపంచ సినిమాలు చూస్తుంటాం. ఈసారి నా వంతు. ఎవరో చెబితే 1924లో వచ్చిన జర్మన్ మూకీ సినిమా ‘ది లాస్ట్ లాఫ్’ ఎంచుకున్నాను. ముందుగా ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌లో చూశాను. నిజం చెప్పాలంటే నాకు ఎక్కలేదు. నటన అతిగా అనిపించింది. ఆ ముసలాయన ఉద్యోగం కూడా పోలేదు, డ్యూటీ మార్చారంతే. కోటు పోయిందని అంత ఏడవాలా? పైగా చివర్లో ఉన్నట్టుండి ఆయన్ని కోటీశ్వరుణ్ణి చేసేశారు. అందరూ గొప్ప సినిమా అంటుంటే నాకే ఏదో తెలియడం లేదేమోనని టెన్షన్‌గా ఉంది. దీన్ని ఎలా చూడాలి? మావాళ్లకి ఏమని పరిచయం చెయ్యాలి? నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: కోటు గురించి మీకొచ్చిన సందేహం దగ్గరే మొదలుపెడతాను. అది తీరితే మిగతావి చాలావరకు వాటంతటవే తీరతాయి.

సినిమా చూడనివాళ్ల కోసం ముందు కథ నాలుగు ముక్కల్లో. మహానగరంలో అట్లాంటిక్ అనే పెద్ద హోటల్. దాని గుమ్మం దగ్గర నిలబడే డోర్‌మన్ ఒక పెద్దాయన. సినిమా మొత్తంలో ఆయనకు పేరు లేదు. పొడవాటి యూనిఫాం కోటు, మెరిసే గుండీలు, భుజాల మీద జరీ అల్లికలు, బుగ్గల దాకా పెంచిన మీసాలు. ఒక వాన రాత్రి కారు మీద నుంచి బరువైన ట్రంకుపెట్టె దించి, ఆయాసం వచ్చి, లోపలికెళ్లి కాసేపు కూర్చుంటాడు. మేనేజర్ అది చూస్తాడు. మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి ఆ గుమ్మంలో అలాంటి కోటులోనే ఇంకొకడు నిలబడి ఉంటాడు. వయసు మీద పడింది కాబట్టి నిన్ను కింద మగవాళ్ల టాయిలెట్‌లో పనికి మార్చాం అని ఒక ఉత్తరం చేతిలో పెడతారు. తువ్వాళ్లు అందించడం, బూట్లు తుడవడం ఇక ఆయన పని. ఒంటి మీద కోటు ఒలిచి తీసుకుంటారు. అదే రోజు ఇంట్లో అమ్మాయి పెళ్లి. కోటు లేకుండా తన వాడలో అడుగుపెట్టలేక, రాత్రి దాన్ని హోటల్ బీరువాలోంచి దొంగిలించి తొడుక్కుని వెళతాడు. ఆ తర్వాత పగలు రైల్వే స్టేషన్ లగేజీ కౌంటర్లో దాచడం, సాయంత్రం మళ్లీ తొడుక్కుని ఇంటికి పోవడం. ఒకరోజు పెళ్లికొడుకు తరఫు పెద్దావిడ ఆప్యాయంగా భోజనం పట్టుకుని హోటల్‌కి వస్తుంది. చూడకూడని చోట ఆయన్ని చూస్తుంది. సాయంత్రానికి వాడంతా తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. జీతం కోసమైతే ఆయన అంత కుంగిపోనక్కర్లేదు, నిజమే. కానీ ఈ కథ జరిగే దేశం, కాలం కాస్త తెలుసుకుంటే ఆ కోటు బరువు అర్థమవుతుంది. చక్రవర్తి పాలనలోని జర్మనీలో యూనిఫాం వేసుకున్నవాడికి, వేసుకోనివాడికి మధ్య ఎంత దూరం ఉండేదో చెప్పడానికి ఒక నిజమైన సంఘటన చాలు. 1906 అక్టోబరులో విల్హెల్మ్ ఫోక్ట్ అనే చెప్పులు కుట్టే మనిషి, అప్పటికే చాలాకాలం జైల్లో గడిపినవాడు, పాత బట్టల దుకాణాల్లో ముక్క ముక్కగా కొని కూర్చుకున్న కెప్టెన్ యూనిఫాం తొడుక్కున్నాడు. దారిలో కనబడిన సైనికులను వెంటరమ్మన్నాడు. వాళ్లు వచ్చారు. బెర్లిన్ పక్కనే ఉన్న కోపెనిక్ టౌన్ హాల్‌కి వెళ్లి మేయర్‌ను అరెస్టు చేయించి, ఖజానాలో డబ్బు పట్టుకుని వెళ్లిపోయాడు. నువ్వెవరని ఆ సైనికులు అడగలేదు. కోటు చూశారు, నడిచారు. దేశమంతా పగలబడి నవ్వింది, రెండేళ్లకు చక్రవర్తే అతనికి క్షమాభిక్ష పెట్టాడు. ఆ నవ్వులో భయం కూడా కొంత ఉండే ఉంటుందని నా అభిప్రాయం.

1918లో మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఓడిపోయారు. చక్రవర్తి హాలెండ్‌కి పారిపోయాడు. వెర్సాయ్ ఒప్పందం జర్మన్ సైన్యాన్ని 1 లక్షకు కుదించింది. నిన్నటిదాకా వీధిలో దారి ఇప్పించిన యూనిఫాంలు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఆపైన 1923లో డబ్బు విలువ కూలిపోయింది. ఆ నవంబరులో ఒక్క అమెరికన్ డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో రొట్టె కూడా కొనలేని పరిస్థితి. దాచుకున్నదాని మీద బతుకుదామనుకున్న ముసలివాళ్లు అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నారు. ఏడాది దాటాక, 1924 డిసెంబరు 23న, బెర్లిన్‌లోని ఊఫా పలాస్ట్ అనే పెద్ద థియేటర్లో ఈ సినిమా మొదటిసారి ఆడింది. నిన్న రాత్రి పడుకున్నప్పుడు ఉన్న హోదా తెల్లారేసరికి లేకపోవడం అంటే ఏమిటో ఆ ప్రేక్షకులకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

అయినా ఇదంతా చరిత్ర. మీ స్నేహితులకు చరిత్ర క్లాసు పీకితే సినిమా మొదలుకాకముందే ఆవలిస్తారు. కాబట్టి తెర మీదే చూడండి: కోటు ఎవరికి కావాలి?

పొద్దున్నే ఆయన ఇంటి మెట్లు దిగి వాడ మధ్యలోంచి నడిచే దృశ్యం గుర్తుందా? బెర్లిన్ పేదల అద్దె ఇళ్లు అలాగే ఉండేవి. నాలుగు వైపులా ఎత్తైన గోడలు, మధ్యలో ఇరుకైన ఖాళీ స్థలం, అందరి కిటికీలూ దాని మీదికే. ఆడవాళ్లు బాల్కనీల్లో పరుపులు దులుపుతుంటారు. ఈయన రాగానే చేతులు ఆగిపోతాయి. ఈయన చెయ్యి టోపీ దాకా లేస్తుంది. ఆ సెల్యూట్ ఎంత నెమ్మదిగా, ఎంత నిండుగా చేస్తాడో చూడండి. వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. ఆ ఇరుకు గోడల మధ్య ఉన్న వైభవమంతా ఆ కోటే. అది ఆయన ఒక్కడి గర్వం కాదు, వాడ మొత్తానిదీ. మన మధ్య ఒక జనరల్ లాంటి మనిషి ఉన్నాడు అన్న ధీమా. అందుకే నిజం తెలిసినప్పుడు వాళ్లు జాలిపడరు, నవ్వుతారు. ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి కబురు పాకి, కిటికీలన్నీ నవ్వే మొహాలతో నిండిపోతాయి. మొదటిసారి చూసినవాళ్లకు ఇదేం క్రూరత్వం అనిపిస్తుంది. నిజానికి వాళ్లు తాము మోసపోయామని నవ్వుతున్నారు. ఇన్నాళ్లూ మేము వంగి దణ్ణం పెట్టింది టాయిలెట్ పనివాడికా అని. ఆయన ఇంట్లోవాళ్లు కూడా మొహం తిప్పుకుంటారు. ఆయన అదే మనిషి. నిన్న పెళ్లిలో అందరికంటే ఎక్కువ సంతోషపడింది ఆయనే. అది ఎవరికీ గుర్తు రాదు.

ఉద్యోగం పోలేదు కదా అన్నారు మీరు. ఉద్యోగం పోయి ఉంటే ఆయనకు ఇంతకంటే నయంగా ఉండేదేమో. పోతే కనీసం కథ చెప్పుకోవచ్చు, మానేశాను అనొచ్చు. ఇక్కడ హోటల్ అదే, దారి అదే, జీతం వచ్చే చోటు అదే. మారిందల్లా నిలబడే స్థలం. గుమ్మం నుంచి నేల కిందికి. దర్శకుడు మూర్నౌ ఈ కిందికి దిగడాన్ని ఒక్క మాట లేకుండా చూపిస్తాడు. సినిమాలో రెండు తలుపులున్నాయి. ఒకటి హోటల్ ముందరి గాజు గుండ్రటి తలుపు, ఎప్పుడూ తిరుగుతూ, వెలుగు విసురుతూ, ధనవంతులను లోపలికీ బయటికీ తిప్పుతూ ఉంటుంది. ఇంకొకటి మెట్ల కింద ఉండే టాయిలెట్ తలుపు. దాని అవతల చీకటి. ఆయన మొదటిసారి తువ్వాళ్ల కట్ట పట్టుకుని ఆ మెట్లు దిగే తీరు ఇంకోసారి చూడండి. కోటు ఉన్నన్నాళ్లూ ఆయన వీపు కర్రలా నిటారుగా ఉంటుంది. కోటు తీసేసిన క్షణం నుంచి ఆ వీపు వంగిపోతుంది, మెడ భుజాల్లోకి దిగిపోతుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషైపోతాడు. దొంగ కోటు తొడుక్కోగానే మళ్లీ నిటారు. ఈ పాత్ర వేసిన ఎమిల్ యానింగ్స్‌కి అప్పుడు సరిగ్గా 40 ఏళ్లు. ఆ ముసలితనమంతా వీపుతో నటించాడు.

నటన అతి అన్న మీ మాటను పూర్తిగా కొట్టిపారెయ్యను. దుఃఖం సీన్లలో యానింగ్స్ కొన్నిచోట్ల నిజంగానే సాగదీస్తాడు. కళ్లు మరీ పెద్దవి చేస్తాడు, గోడకి ఆనుకుని మరీ ఎక్కువసేపు నిలబడతాడు. ఆయనా, మూర్నౌ కూడా మాక్స్ రైన్‌హార్ట్ నాటక బృందంలోంచి వచ్చినవాళ్లు, ఆ అలవాటు కనిపిస్తుంది. మన పద్యనాటకంలో రాగం తీస్తున్నప్పుడు అతి అనుకోం కదా, ఆ కళకి ఆ కొలత ఉందని చెవికి తెలుసు. మూకీకి కూడా తన కొలత ఉంది. దానికి కన్ను అలవాటు పడటానికి ఓ ఇరవై నిమిషాలు పడుతుంది, అంతే. ఆ ఇరవై నిమిషాలు ఫోన్ పక్కన పెట్టగలిగితే చాలు. మూకీ సినిమాలో ఒక్కసారి తల దించితే కథ పోతుంది. మాటల సినిమాలో చెవి పని చేస్తూ ఉంటుంది కాబట్టి ఆ మధ్యలో ఏం జరిగిందో పట్టుకోగలం. ఇక్కడ అది కుదరదు. మీరు ల్యాప్‌టాప్‌లో ఒక్కరే చూశారన్నారు. మీకు ఎక్కకపోవడానికి సగం కారణం అదే అనుకుంటున్నాను.

మిగతా సగం కాపీ కావచ్చు. నెట్‌లో ఈ సినిమావి రకరకాల కాపీలున్నాయి, కొన్ని చాలా దారుణం. దీనికి అప్పట్లోనే ఒకటి కంటే ఎక్కువ నెగెటివ్‌లు తయారుచేశారు. జర్మనీకి ఒకటి, అమెరికాకి ఒకటి, మిగతా దేశాలకి ఇంకొకటి. వాటిలో వాడిన షాట్లు కూడా అచ్చంగా ఒకటే కావు. జర్మనీకోసం చేసిన నెగెటివ్‌ను ఆధారం చేసుకుని మూర్నౌ ఫౌండేషన్ తరఫున ఈ శతాబ్దం మొదట్లో పునరుద్ధరించిన కాపీ ఉంది, ఓ గంటన్నర నిడివి. అదే వెతకండి. జ్యుసెప్పె బెచ్చె 1924లో ఈ సినిమాకోసమే కూర్చిన సంగీతం దానికి తోడుగా వస్తుంది. ఎవరో తర్వాత ఇష్టమొచ్చిన పియానో ముక్క అతికించిన కాపీతో చూస్తే పెళ్లి, అవమానం, కల అన్నీ ఒకే రంగులో కనబడతాయి. ఇక మనుషులు గబగబా పరుగెడుతున్నట్టు కనిపించడం అనేది వేగం తేడా వల్ల. ఆ రోజుల్లో కెమెరా హ్యాండిల్‌ను చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకు ఇన్ని ఫ్రేములని స్థిరంగా ఉండేది కాదు. తక్కువ వేగంతో తీసినదాన్ని సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఆడిస్తే ఎవరైనా కీ ఇచ్చిన బొమ్మలా కనబడతారు. విషాదం హాస్యమైపోతుంది. అది యానింగ్స్ తప్పు కాదు.

ఇప్పుడు నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైన విషయానికి వస్తాను. మూకీ సినిమా అంటే బొమ్మ, మధ్యలో అక్షరాల కార్డు, మళ్లీ బొమ్మ అని అనుకుంటాం. ఈ సినిమాలో కథ నడిచేటప్పుడు వచ్చే అలాంటి కార్డు ఒకే ఒక్కటి. ఉత్తరం, వార్తాపత్రిక లాంటివి బొమ్మలో భాగంగా కనిపిస్తాయి తప్ప, ఎవరేమన్నారో చెప్పే కార్డులు లేవు. స్క్రీన్‌ప్లే రాసిన కార్ల్ మాయర్ మాటలు తీసేయడమే పనిగా పెట్టుకున్నవాడు. 1920 నాటి ‘డాక్టర్ కాలిగరి’ సినిమాకి రాసిన ఇద్దరిలో ఒకడు ఆయనే. అందులో వంకర గోడలు, రంగు వేసిన నీడలు. ఆ తర్వాత ఆయన పూర్తిగా వేరే దారి పట్టాడు. కొద్దిమంది మనుషులు, చిన్న ఇళ్లు, మామూలు కష్టాలు. లుపు పిక్ అనే దర్శకుడితో అలాంటివి రెండు చేశాడు. ఇది మూడోది కావాల్సింది, ఇద్దరికీ పడక మూర్నౌ చేతికి వచ్చింది.

మాటలు తీసేస్తే ఆ పని ఎవరు చెయ్యాలి? కెమెరా. అప్పటిదాకా కెమెరా ఎక్కువగా ఒకచోట నిలబడి చూసేది. ఇందులో అది నడుస్తుంది. మొదటి షాట్‌లోనే హోటల్ లిఫ్ట్‌లో కిందికి దిగి, తలుపు తెరుచుకోగానే లాబీ దాటి, ఆ తిరిగే గాజు తలుపు దాకా వెళుతుంది. కెమెరాను ఇలా తిప్పడం ఇంకా అరుదైన కాలం. కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ ఆ షాట్ కోసం కెమెరాతో సహా సైకిలెక్కి లిఫ్ట్‌లో కూర్చున్నాడు. పెళ్లి రాత్రి వాడలో ట్రంపెట్ మోగుతుంది. మూకీలో ఆ మోత ఎలా వినిపించాలి? కెమెరా ట్రంపెట్ నోటి దగ్గర మొదలై, గాల్లో వెనక్కి వెనక్కి, పైన కిటికీలో ఉన్న ముసలాయన దాకా పోతుంది. ఆ మోత ఆయన చెవిని చేరే దారిని మన కంటికి చూపించారు. కెమెరాను తీగకు వేలాడదీసి పైనుంచి కిందికి జార్చి, ఆ ఫిల్మును తిరగేసి వాడుకున్నారు. ఇది తెలిశాక చూసినా ఆ షాట్ పాతబడలేదు నాకు.

తాగిన సీను మీకు గజిబిజిగా అనిపించి ఉంటుంది. ఫ్రాయిండ్ అక్కడ కెమెరాను ఛాతీకి కట్టుకుని తాగినవాడిలా తూలుతూ నడిచాడు. ముసలాయన తూలడాన్ని మనం బయట నుంచి చూడటం కాదు, గది తూలడాన్ని ఆయన కళ్లతో చూస్తాం. తర్వాత కల. ఎంతమంది కూలీలు పట్టినా లేవని ట్రంకుపెట్టెను ఆయన ఒక్క చేత్తో ఎత్తి బంతిలా ఎగరేస్తాడు. ఆ పెట్టే ఆయన పొట్ట కొట్టింది. మేనేజర్ గదిలో ఉత్తరం చదివాక కూడా, నేనింకా మొయ్యగలను చూడండి అని ఇంకో పెట్టె ఎత్తబోయి కింద పడిపోయాడు. అందుకే కలలో అంత విజయం. నవ్వు తెప్పించేలా ఉంటుంది, లోపల మాత్రం కలుక్కుమంటుంది. ఇక కోటు దొంగిలించి పరుగెడుతున్నప్పుడు వెనక్కి తిరిగి చూస్తే హోటల్ భవనమే ఆయన మీదికి ఒరిగిపోతున్నట్టు కనిపిస్తుంది. అపరాధ భావానికి ఇంతకంటే సూటి బొమ్మ నాకు తెలియదు.

ఆ 1924లోనే, తర్వాత థ్రిల్లర్ సినిమాల దర్శకుడిగా పేరు తెచ్చుకున్న హిచ్‌కాక్, అప్పటికి 25 ఏళ్ల ఇంగ్లిష్ కుర్రాడు, వేరే సినిమాలో పనిచేయడానికి బెర్లిన్ దగ్గర స్టూడియోకి వచ్చి, మూర్నౌ షూటింగ్ చూశాడు. బొమ్మతోనే కథ చెప్పడం అక్కడ నేర్చుకున్నానని జీవితాంతం చెప్పుకున్నాడు. సెట్లు వేసిన హెర్ల్ట్, రోరిగ్ వీధిని స్టూడియోలోనే కట్టారు. దూరంగా ఉండాల్సిన భవనాలనూ కార్లనూ చిన్నగా చేసి, వీధి చాలా దూరం ఉన్నట్టు భ్రమ కల్పించారు. గాజు తలుపు వెనక్కి చూస్తే తెలుస్తుంది. ఇలాంటివి మీ స్నేహితుల్లో ఎవరైనా టెక్నికల్ విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి చెప్పండి. అందరికీ అక్కర్లేదు.

ఇక ముగింపు. ఉన్నట్టుండి కోటీశ్వరుణ్ణి చేశారని మీకు కోపం వచ్చింది. రావాలి కూడా. ఆ ఒక్క కార్డు వచ్చేది సరిగ్గా అక్కడే అని గమనించండి. ముసలాయన కోటు తిరిగి ఇచ్చేయడానికి రాత్రిపూట హోటల్‌కి వస్తాడు. టార్చి పట్టుకున్న నైట్ వాచ్‌మన్ ఒక్కడే ఆయన్ని కసురుకోకుండా, తన కోటు తీసి కప్పుతాడు. ఆ టాయిలెట్ చీకట్లో ఆయన కూలబడిపోతాడు. కథ ఇక్కడ అయిపోయింది. అప్పుడు కార్డు పడుతుంది: నిజ జీవితంలో అయితే ఈ ముసలివాడికి చావు తప్ప మిగిలేదేమీ లేదు, రచయితకి మాత్రం జాలి కలిగింది, అందుకని జరగడానికి వీల్లేని ఒక ముగింపు ఇస్తున్నాడు అన్న అర్థంలో. సినిమా తన నోటితోనే ఒప్పుకుంటోంది, ఇక మీదట చూపించేది నమ్మకండి అని. ఇంతసేపు ఒక్క మాట మాట్లాడనిది, ఈ ఒక్క విషయం చెప్పడానికి నోరు తెరిచింది.

ఆ తర్వాతంతా పత్రికలో వార్త, ఒక కోటీశ్వరుడి వీలునామా, ఎవరి చేతుల్లో చనిపోతే వాళ్లకే ఆస్తి అన్న షరతు. మన ముసలాయన అదే హోటల్ డైనింగ్ హాల్లో కూర్చుని పీకల దాకా తింటాడు, వాచ్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అతనికీ తినిపిస్తాడు. నా మట్టుకు ఈ భాగం నిడివి ఎక్కువైంది. తినడం మీద తినడం. కానీ అందులో ఒక చేదు ఉంది, దాన్ని వదులుకోకండి. నిన్న ఆయన మొహం చూడని హోటల్ సిబ్బంది ఈ రోజు వరుసగా నిలబడి వంగుతున్నారు. కోటు స్థానంలో డబ్బు వచ్చింది, అంతే. మనిషిని చూసినవాళ్లు ఇప్పుడూ ఎవరూ లేరు, ఒక్క వాచ్‌మన్ తప్ప. మన ముసలాయన మాత్రం కింద టాయిలెట్‌లో తన స్థానంలో వచ్చిన ముసలివాణ్ణి మర్చిపోడు. గుమ్మం దగ్గర చెయ్యి చాచిన బిచ్చగాణ్ణి బండి ఎక్కించుకుంటాడు. ఈ దృశ్యాలు నిజంగా నమ్మదగ్గవిగా తీసి ఉంటే నాకు కోపం వచ్చేది. నమ్మకండి అని ముందే చెప్పి తీశారు కాబట్టి, మన ఆశకీ లోకం తీరుకీ ఎంత దూరమో రెండూ పక్కపక్కన కనబడతాయి. మీకు వచ్చిన కోపం సినిమాకి వ్యతిరేకం కాదు. సినిమా అడిగినదే మీరు ఇచ్చారు.

మీవాళ్లకి పరిచయం చేసేటప్పుడు మూడు నిమిషాలు మించొద్దు. సంవత్సరం చెప్పండి, అంతకుముందు ఏడాది డబ్బు కాగితాలైపోయిన సంగతి చెప్పండి, మాటల కార్డులు రావు కాబట్టి వాటికోసం ఎదురుచూడొద్దని చెప్పండి. మొదటి షాట్‌లో కెమెరా ఎక్కడెక్కడికి వెళుతుందో చూడమనండి. చాలు. కోపెనిక్ కెప్టెన్ కథ ఇంటర్వెల్‌కో చివరికో దాచుకోండి. ముగింపు సంగతీ, ఆ కార్డు సంగతీ అస్సలు చెప్పకండి. వీలైతే పెద్ద టీవీలో, గదిలో లైట్లు తీసేసి, సౌండ్ కాస్త పెంచి చూడండి. తినడాలు ముందే కానిచ్చేయండి. మధ్యలో ప్లేట్లు తిరిగితే ఈ సినిమా నిలబడదు.

అయ్యాక మాట్లాడుకోవడానికి బోలెడు ఉంటుంది. ఆడవాళ్లను కేవలం నోరు పారేసుకునేవాళ్లుగా చూపించారని ఎవరైనా అంటే అది న్యాయమైన మాటే, నేనూ ఒప్పుకుంటాను. ఆ ఇంట్లో అమ్మాయి మనసులో ఏముందో సినిమా మనకు చెప్పదు. కోటుకు బ్రష్ చేసిన అదే చేతులు తర్వాత ఎందుకు వెనక్కి తగ్గాయో చూపించి ఉంటే బాగుండేది. ఈ సినిమా చేసినవాళ్లకి తర్వాత ఏమైందో కూడా చెప్పుకోవచ్చు. మూర్నౌ అమెరికా వెళ్లి 1931లో కారు ప్రమాదంలో చనిపోయాడు, 42 ఏళ్లకే. నిర్మాత ఎరిక్ పోమర్, రచయిత మాయర్ యూదులు. హిట్లర్ వచ్చాక పోమర్ దేశం వదిలాడు, మాయర్ లండన్‌లో 1944లో చేతిలో డబ్బు లేకుండా పోయాడు. యానింగ్స్ జర్మనీలోనే ఉండి నాజీ ప్రభుత్వం కోసం సినిమాలు చేశాడు. మొట్టమొదటి ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్న మనిషి ఆయనే. ఒక కోటు కోసం ప్రాణం పెట్టిన పాత్ర వేసినవాడు, నిజంలో ఏ వైపు నిలబడ్డాడో తెలిశాక కొందరికి సినిమా చూడబుద్ధి కాదు. నేను చూస్తాను. ఎందుకంటే అందులో మాయర్ ఉన్నాడు, ఫ్రాయిండ్ ఉన్నాడు. వాళ్ల పని యానింగ్స్ తర్వాత చేసినదాని వల్ల చెడిపోదు.

నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చా అని అడిగారు. తప్పకుండా చెప్పండి. కాకపోతే మంచి కాపీతో, మనుషుల మధ్య, ఇంకొక్కసారి చూశాక చెప్పండి. ఈసారి కథ తెలుసు కాబట్టి ఏం జరుగుతుందన్న తొందర ఉండదు. ఆయన వీపునీ, ఆ రెండు తలుపులనీ గమనిస్తూ కూర్చోండి. అప్పటికీ ఎక్కకపోతే మీ అభిరుచి వేరు, అంతే. అలాంటప్పుడు ఇదే యానింగ్స్, ఇదే ఫ్రాయిండ్ కలిసి మరుసటి ఏడాది చేసిన ‘వెరైటీ’ వేసి చూడండి. సర్కస్ ఊయలల మీద నడిచే అసూయ కథ, దర్శకుడు ఇ.ఎ. డ్యూపాంట్. పరుగు ఎక్కువ, కన్నీళ్లు తక్కువ. మీ గుంపులో మూకీ అంటే భయపడేవాళ్లకి నిజానికి అది ముందు చూపించడమే మంచిది.